విద్యార్థి సహాయ వాగ్దానముల పరిశీలన: వేములవాడ

ఎన్నికలవేళ రాజకీయ పక్షములును, వాటి పక్షమున నిలిచిన శాసనసభ్యులును కళాశాల చదువుల వ్యయమును గూర్చి చేయు వాగ్దానములు, అనగా బోధన రుసుముల చెల్లింపు, ఉపకారవేతనము, విదేశ విద్యానిధి, విద్యాఋణము, దానిపై వడ్డీ రాయితీ మొదలైనవి, ఏ మేరకు నెరవేరినవో వ్రాతపూర్వకములైన ఆధారములతో పరీక్షించుట ఇటీవలి ప్రజాజీవితమున ఒక ప్రత్యేక కృషిగా రూపొందినది. ఉత్తర తెలంగాణమందలి వేములవాడ నియోజకవర్గము ఈ కృషికి తగిన ఉదాహరణము. పేద కుటుంబముల బిడ్డలు సర్కారు సాయము మీదనే కళాశాల మెట్లెక్కు ప్రాంతమగుటచే ఇచ్చట వాగ్దానము వినువారు పెక్కుమంది. ఆ వాగ్దానమును నెరవేర్చవలసిన ఖజానా మాత్రము హైదరాబాదున ఉన్నది. ఈ రెంటి నడుమ ధనము ఏ మజిలీలో ఆగినదో కనిపెట్టుటయే ఈ పరిశీలనకు సారము.

ప్రాంతము, ప్రజలు

కన్నడ ఆదికవి పంపనికి ఆశ్రయమిచ్చిన రెండవ అరికేసరి మున్నగు వేములవాడ చాళుక్యుల రాజధానిగను, భక్తులు కోడెమొక్కులు చెల్లించుకొను రాజరాజేశ్వరస్వామి క్షేత్రముగను ఈ పట్టణము ప్రసిద్ధము. చిరకాలము కరీంనగరు జిల్లాలో భాగమై, 2016 అక్టోబరు 11 నుండి రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరినది. శాసనసభా నియోజకవర్గముగా వేములవాడ 2008 పునర్విభజన ఫలము; దానికి మొదటి ఎన్నిక 2009లో జరిగినది. చందుర్తి, కోనరావుపేట, రుద్రంగి మండలములతోపాటు జగిత్యాల జిల్లాకు చెందిన కథలాపూరు, మేడిపల్లి మండలములును ఇందే చేరియుండుటవలన, ఒక్క శాసనసభ్యునికి ఇద్దరు కలెక్టర్లతో పని పడుచుండును.

ఈ సీమలో స్త్రీలు బీడీలు చుట్టుదురు. సిరిసిల్ల మరమగ్గములు దాపుననే ఉన్నవి. పురుషులలో అనేకులు దుబాయి, మస్కటు మొదలగు గల్ఫు నగరములకు వలసపోవుదురు. వాన మీదను, మగ్గము మీదను, దుబాయి నుండి వచ్చు డబ్బు మీదను ఆధారపడిన ఇట్టి కుటుంబమునకు ఏటా రుసుము కట్టవలసిన గడువు ఒక గండమువలె తోచుట వింత గాదు. ఈ ప్రాంతపు హనుమాజీపేట గ్రామమున 1931లో జన్మించిన కవి సి. నారాయణరెడ్డి సిరిసిల్ల, కరీంనగరుల మీదుగా హైదరాబాదు చేరి ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉన్నతవిద్య నభ్యసించెను. ఆ కాలమున పై చదువునకు రాజధానియే దిక్కు. 2007లో జగిత్యాల సమీపమున నాచుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలయు, 2008లో కరీంనగరున శాతవాహన విశ్వవిద్యాలయమును వెలసిన తరువాత దూరము కొంత తగ్గినది. దూరము తగ్గినంతగా వ్యయము తగ్గలేదు.

పూర్వరంగము

విద్యార్థికి రాజ్యము ధనసాహాయ్యము చేయుట కొత్త యాచారము గాదు. నిజాము ప్రభుత్వ మొసగిన వేతనముతోనే సరోజినీదేవి (తరువాతి సరోజినీ నాయుడు) 1895లో ఇంగ్లండునకు చదువబోయినది. అట్టి సాయము పాలకుని అనుగ్రహము. దానిని హక్కుగా అడుగుటకు వీలులేకుండెను. షెడ్యూల్డు కులముల విద్యార్థులకై 1944లో భారత ప్రభుత్వము ప్రారంభించిన పోస్టుమెట్రిక్ ఉపకారవేతనముతో, నిర్ణీతమైన అర్హత గల ప్రతివిద్యార్థికి సాయమందవలెనను భావము బలపడినది. ఆ ఏర్పాటు వెనుక వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడైన అంబేడ్కరు పట్టుదల కలదు. కరీంనగరు జిల్లా మంథని నుండి శాసనసభకు ఎన్నికైన పి.వి. నరసింహారావు 1971లో సర్వేలు గ్రామమున నెలకొల్పిన గురుకుల పాఠశాల మరియొక మార్గమును చూపినది: విద్యార్థి చేతికి ధనమిచ్చుటకు మారుగా తిండి, వసతి, చదువు ఒక్కచోటనే సమకూర్చుట. నేటివరకును తెలంగాణపు విద్యావాగ్దానములన్నియు ఈ రెండు దారులలో ఏదో ఒకదానిని పట్టినవే.

1990ల తరువాత ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు విస్తరించుటతో రుసుము పెద్ద సమస్యయైనది. టి.ఎం.ఏ. పాయ్ వ్యాజ్యమున 2002లోను, ఇస్లామిక్ అకాడమీ వ్యాజ్యమున 2003లోను సర్వోన్నత న్యాయస్థానము ఇచ్చిన తీర్పులవలన ప్రైవేటు కళాశాలలకు రుసుమును నిర్ణయించుకొను స్వేచ్ఛయు, దానిపై కమిటీల అదుపును ఏర్పడినవి. రుసుము కళాశాలనుబట్టి మారజొచ్చినది. అంతకుముందు ఒక్క మొత్తముతో తీరిపోవు సర్కారు సాయము, ఇక మీద కళాశాలకొక లెక్కగా పెరుగవలసివచ్చెను.

ఫీజు రీయింబర్స్‌మెంటు

వై.యస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిత్వమున, 2008 ప్రాంతమున, వెనుకబడిన తరగతుల విద్యార్థుల బోధన రుసుమును సంపూర్ణముగా ప్రభుత్వమే భరించు పద్ధతి అమలునకు వచ్చి, క్రమముగా మైనారిటీలకును ఆర్థికముగా వెనుకబడిన ఇతర వర్గములకును విస్తరించినది. ప్రజలు దీనిని ఫీజు రీయింబర్స్‌మెంటు అనియే పిలుచుచున్నారు. ఇందు రెండు పాయలు కలవు: బోధన రుసుము కళాశాల ఖాతాకు పోవును, భోజనవసతుల నిమిత్తమైన మొత్తము విద్యార్థి ఖాతాలో జమయగును. దరఖాస్తులన్నియు ఈపాస్ అను కంప్యూటరు వ్యవస్థద్వారా నడచును. తహసీల్దారు ఇచ్చు ఆదాయ, కుల ధ్రువీకరణములకై విద్యార్థి మీసేవా కేంద్రమునకు పోయి, ఆధారు వేలిముద్ర వేసి, కళాశాల పరిశీలన ముగిసిన పిమ్మట సంక్షేమాధికారి మంజూరునకై వేచియుండును. తెరమీద మంజూరైనదని కనిపించుట వేరు, సొమ్ము కళాశాలకు చేరుట వేరు. ఈ రెండు దినముల మధ్య ఒక్కొకప్పుడు విద్యాసంవత్సరములే గడచిపోవుచున్నవి.

ఎన్. కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వ కాలమున భారము మితిమీరినదని ఒక పరిమితి విధింపబడినది. షెడ్యూల్డు కులములు, తెగల వారికి పూర్తి రుసుమును కొనసాగించి, తక్కిన వర్గములలో ప్రవేశపరీక్షయందు 10,000 లోపు ర్యాంకు పొందినవారికి పూర్తిగాను, మిగిలినవారికి కొన్ని మినహాయింపులతో 35,000 రూపాయల వరకును చెల్లించు నియమ మేర్పడినది. రాష్ట్ర విభజన జరిగినను తెలంగాణమున ఆ 35,000 అట్లే నిలిచినది; రుసుములు మాత్రము నిలువలేదు. 2022లో ఇంజనీరింగు కళాశాలల కనిష్ఠ రుసుము 45,000గను, గరిష్ఠ రుసుము 1,60,000గను నిర్ణయమైనది. చందుర్తి మండలమందలి ఒక వెనుకబడిన తరగతి విద్యార్థిని 10,000 దాటిన ర్యాంకుతో కనిష్ఠ రుసుము గల కళాశాలలో చేరినను ఏటికి 10,000 ఇంటినుండి కట్టవలసినదే. లక్ష రూపాయల రుసుము గల కళాశాలలో సీటు వచ్చినచో ఏటికి 65,000, నాలుగేండ్లకు 2,60,000 అగును. ప్రభుత్వము తాను చెప్పిన 35,000 తప్పక చెల్లించినను ఈ వెలితి తీరదు. కావున పథకమమలగుచున్నదను మాటయు, కుటుంబము అప్పుచేయుచున్నదను మాటయు ఏకకాలమున సత్యములు కాగలవు.

రాష్ట్రావతరణానంతరము 2014 జులైలో కె. చంద్రశేఖరరావు ప్రభుత్వము ఈ పథకమునకు బదులుగా ఫాస్ట్ అను పథకమును ప్రకటించి, 1956 నాటికి కుటుంబము తెలంగాణమున స్థిరపడి యుండుటను అర్హతగా పెట్టెను. ఆ నియమము ఉన్నత న్యాయస్థానమున విమర్శకు గురికాగా 2015 ఆరంభమున ప్రభుత్వము దానిని ఉపసంహరించి పాత పద్ధతికే మరలినది. పొరుగున ఆంధ్రప్రదేశమున వై.యస్. జగన్మోహనరెడ్డి ప్రభుత్వము 2020లో విద్యాదీవెన పేరిట రుసుమును తల్లుల ఖాతాలలో వేయ నారంభించినది. 2024లో ప్రభుత్వము మారినపిదప సొమ్ము మరల కళాశాలల ఖాతాలకే పోవు నిర్ణయము జరిగినది. ఖాతా ఎవరిదను వివాదము చిన్నదిగా కనిపించినను ఫలితము పెద్దది. తల్లి ఖాతాలో పడు సొమ్ము ఆలస్యమైనప్పుడు కళాశాల నిలదీయునది తల్లిని. కళాశాల ఖాతాలో పడునది ఆలస్యమైనప్పుడు ఆ సంస్థ ప్రభుత్వమును నిలదీయవలెను, లేదా విద్యార్థి సర్టిఫికేట్లను పట్టి యుంచును.

వాగ్దానముల క్రమము

2014 ఎన్నికలలో తెలంగాణ రాష్ట్ర సమితి ముఖ్యవాగ్దానములలో కేజీ నుండి పీజీ వరకు ఉచిత విద్య యొకటి. అది గురుకుల పాఠశాలల, కళాశాలల విస్తృతిగా ఒక మేర ఆచరణకు వచ్చినది. ప్రైవేటు కళాశాలలో చదువువాని రుసుమునకు మాత్రము పాత పరిమితియే వర్తించినది. ఇట్టి పాక్షిక సిద్ధిని నెరవేరినదని గాని నెరవేరలేదని గాని ఒక్కమాటలో తేల్చుట న్యాయము కాదు.

2023లో కాంగ్రెసు పక్షము చేసిన వాగ్దానములు ఇంతకంటె స్పష్టమైన అంకెలతో కూడినవి. మే 8న సరూరునగరు సభలో యువజన ప్రకటన వెలువడినది. అందు రుసుముల బకాయిల చెల్లింపు చేరియున్నది. ఆగస్టు 26న చేవెళ్ళలో షెడ్యూల్డు కులములు, తెగల ప్రకటన పదవ తరగతి మొదలు పరిశోధన పట్టము వరకు ఉత్తీర్ణతకు తగిన ప్రోత్సాహక ధనమును పేర్కొన్నది. సెప్టెంబరు 17న తుక్కుగూడలో సోనియాగాంధీ ప్రకటించిన ఆరు గ్యారంటీలలో యువవికాసము క్రింద విద్యార్థికి 5 లక్షల రూపాయల విద్యాభరోసా కార్డు కలదు. నవంబరు 10న కామారెడ్డిలో వెనుకబడిన తరగతుల ప్రకటన, 3 లక్షల లోపు ఆదాయము గల కుటుంబముల విద్యార్థులకు ర్యాంకుతో నిమిత్తము లేక పూర్తి రుసుమును, ఉన్నతవిద్యకును చిరువ్యాపారములకును 10 లక్షల వరకు వడ్డీలేని ఋణమును చేర్చినది. పైన చెప్పిన 35,000 పరిమితికి సూటిగా తగులునది ఈ కామారెడ్డి వాగ్దానమే.

విద్యాభరోసా కార్డు, ప్రకటించిన రూపమున, 2025 చివరి వరకును ఆచరణకు రాలేదు. 2025 మార్చిలో ప్రభుత్వము ప్రారంభించిన రాజీవ్ యువవికాసము స్వయంఉపాధికి రాయితీ ఋణములిచ్చు వేరొక పథకము. పేరులో యువవికాసము ఉన్నదను కారణమున దానిని విద్యాభరోసా పద్దున జమకట్టుట పొరపాటు. 2024లో వసతిగృహముల భోజనవ్యయమును 40 శాతము పెంచిన నిర్ణయము విద్యార్థులకు ఉపకరించినదే యైనను, అది కూడ రుసుముల వాగ్దానమునకు బదులు కాజాలదు. బకాయిల విషయమున ప్రైవేటు కళాశాలల సమాఖ్య 2025 సెప్టెంబరులో ఒకసారి సమ్మెకు దిగి, హామీమీద విరమించి, నవంబరు 3 నుండి మరల కళాశాలలు మూసివైచినది. 900 కోట్ల రూపాయల చెల్లింపునకు ప్రభుత్వమంగీకరించుటతో కొలదిదినములకు సమ్మె ముగిసినది. సమ్మె చేసినది యాజమాన్యములు. తరగతులు పోగొట్టుకొన్నది విద్యార్థులు.

విద్యాఋణము

రీయింబర్స్‌మెంటు ఎచ్చట ఆగునో అచ్చట ఋణము మొదలగును. 2001లో బ్యాంకుల సంఘము రూపొందించిన ఆదర్శ విద్యాఋణ పథకము ననుసరించి 4 లక్షల వరకు ఆస్తి తాకట్టుగాని మూడవవాని పూచీగాని అక్కరలేదు. చదువు ముగిసిన పిదప ఒక ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కరలేదు గాని, వడ్డీ మాత్రము లెక్కలో పెరుగుచునే ఉండును. ఆ వడ్డీ భారమును తగ్గించుటకై కేంద్రప్రభుత్వము 2009లో, ఏటా 4.5 లక్షల లోపు ఆదాయము గల కుటుంబములకు వడ్డీ రాయితీ నేర్పరచినది. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గ మామోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము, ఎంపికచేసిన 860 విద్యాసంస్థలలో చేరువారికి, 8 లక్షల లోపు ఆదాయముండి ఇతర సాయము పొందనిచో, 10 లక్షల వరకు ఋణముపై 3 శాతము వడ్డీ రాయితీ నిచ్చును. ఈ రాయితీ ఏటికి లక్షమంది విద్యార్థులకు పరిమితము.

ఇచ్చట పరిశీలకుడు గమనింపవలసినది అధికార విభజన. రుసుముల చెల్లింపు రాష్ట్రముది. బ్యాంకుల ఋణవిధానము కేంద్రమునకును రిజర్వు బ్యాంకునకును చెందినది. వడ్డీలేని ఋణమిత్తునని రాష్ట్రపక్షము చెప్పినచో, ఆ వడ్డీని బ్యాంకునకు రాష్ట్ర ఖజానానుండి చెల్లించు పద్దు బడ్జెటులో ఉండితీరవలెను. ఆ పద్దు లేని వాగ్దానము బ్యాంకు మేనేజరు బల్లను దాటి ముందునకు పోజాలదు.

పరిశీలన విధానము

ఒక వాగ్దానము ఐదు మజిలీలు దాటవలెను. మొదటిది వాగ్దాన పాఠము: ఎన్నికల ప్రణాళికయందు ఏ అంకె, ఏ వర్గము, ఏ గడువు పేర్కొనిరో అక్షరశః వ్రాసికొనవలెను. సుబ్రమణియం బాలాజీ వ్యాజ్యమున 2013లో సర్వోన్నత న్యాయస్థానము, ప్రణాళికలోని వాగ్దానము అవినీతికర చర్య కాదనుచునే, మార్గదర్శక సూత్రములు చేయుమని ఎన్నికల సంఘము నాదేశించినది. వాగ్దానమునకు కావలసిన ధనము ఎట్లు సమకూరునో స్థూలముగానైనను చెప్పవలెనను నియమము ఆ విధముగ వచ్చినది. రెండవది ప్రభుత్వ ఉత్తరువు: వేదికపై చెప్పిన మాట జీవోలోనికి వచ్చునప్పుడు అర్హతలు సన్నగిల్లుట తరచు కాననగును. మూడవది బడ్జెటు: తొలి అంచనా, సవరించిన అంచనా, రెండేండ్ల తరువాత వెలువడు వాస్తవ వ్యయము అను మూడంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. మొదటి అంకెకు చప్పట్లు, మూడవ అంకెకు మౌనము లభించుట మన శాసనసభల అలవాటు. నాల్గవది ట్రెజరీ: సంక్షేమశాఖ బిల్లు పంపగా టోకెను సంఖ్య వచ్చును, టోకెను వచ్చినంతమాత్రమున డబ్బు వచ్చినట్లు కాదు. బకాయిలలో గణనీయమైన భాగము ఈ టోకెన్ల రూపముననే నిలిచియుండును. ఐదవది విద్యార్థి చేయి: చదువు ముగిసిననాడు టీసీయు, మెమోలును అడ్డులేక చేతికి వచ్చినవా యనునది. అసలు సర్టిఫికేట్లను సంస్థలు ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో స్పష్టముగా ఆదేశించినను, బకాయి తీరువరకు వాటిని ఇవ్వమను మాట కౌంటరు దగ్గర నేటికిని వినవచ్చుచునే యున్నది.

ఇందుకు సాధనములు కొరవడలేదు. 2005 సమాచారహక్కు చట్టము ప్రకారము పది రూపాయల రుసుముతో జిల్లా కార్యాలయమును అడుగవచ్చును; ముప్పది దినములలో సమాధానమీయవలెను. శాసనసభలో మంత్రి ఇచ్చిన మాటలను పట్టి చూచుటకు ప్రభుత్వ హామీల కమిటీలను ఏర్పరచు సంప్రదాయము కలదు. లోక్‌సభలో అట్టిది 1953 నుండి పనిచేయుచున్నది. ఐతే ఒక చిక్కు కలదు. వాగ్దానము నియోజకవర్గపు లెక్కన వినబడును. చెల్లింపు మాత్రము కళాశాల ఉన్న జిల్లా లెక్కన నమోదగును. రుద్రంగి విద్యార్థి హైదరాబాదు శివారున చదివినచో అతని బకాయి అక్కడి జిల్లా పద్దులో చేరును. కావున వేములవాడ బిడ్డలకు రావలసినదెంతయని సిరిసిల్ల కార్యాలయమున నడిగినచో సరియైన సమాధానము దొరకదు. గ్రామములవారీగా విద్యార్థుల దరఖాస్తు సంఖ్యలను వారి అనుమతితో కూర్చుకొనిననే నిజమైన చిత్రము ఏర్పడును.

శాసనసభ్యుని బాధ్యత

ఈ స్థానమునకు 2009 నుండి 2023 వరకు చెన్నమనేని రమేశ్ ప్రాతినిధ్యము వహించెను. మొదట తెలుగుదేశము పక్షమున గెలిచి, 2010 ఉపఎన్నికనుండి తెలంగాణ రాష్ట్ర సమితి పక్షమున నిలిచెను. 2023లో కాంగ్రెసు అభ్యర్థి ఆది శ్రీనివాస్ గెలుపొంది ప్రభుత్వ విప్ పదవిని పొందెను. లోక్‌సభలో ఈ ప్రాంతము కరీంనగరు స్థానమున చేరినది. 2019 నుండి బండి సంజయ్‌కుమార్ దానికి ప్రతినిధి. రుసుముల మాట అడుగవలసినది శాసనసభ్యుని, ఋణముల మాట అడుగవలసినది లోక్‌సభ సభ్యుని.

శాసనసభ్యుడు తన సంతకముతో ఒక్క విద్యార్థి బకాయినైనను విడుదల చేయజాలడు. ఆయన చేయగలిగినవి వేరు: నక్షత్రపు గుర్తు గల ప్రశ్న వేయుట, పద్దులపై చర్చలో అంకె నడుగుట, హామీల కమిటీ దృష్టికి తెచ్చుట, ముఖ్యమంత్రికి లేఖ వ్రాయుట. ప్రతిపక్ష సభ్యునికి ప్రశ్నయే ఆయుధము. అధికారపక్ష సభ్యునికి, అందును విప్ వంటి పదవిలోనున్నవానికి, ప్రశ్న వేయుట కష్టమైనను మంత్రి తలుపు దగ్గర. కావున ఇరువురిని ఒకే కొలబద్దతో కొలువరాదు. మొదటివాని విషయమున సభా కార్యక్రమముల నివేదికలును, రెండవవాని విషయమున వెలువడిన ఉత్తరువులును, విడుదలైన ధనమును సాక్ష్యములగును.

ఇతర దేశములలో

ఇంగ్లండులో 2010 ఎన్నికలకు ముందు లిబరల్ డెమొక్రాట్ అభ్యర్థులు, రుసుముల పెంపును వ్యతిరేకింతుమని విద్యార్థి సంఘముల ఎదుట సంతకములు చేసిరి. ఎన్నికల తరువాత సంకీర్ణ ప్రభుత్వమున చేరి, అదే ఏడాది డిసెంబరులో గరిష్ఠ రుసుమును 9,000 పౌండ్లకు పెంచు తీర్మానమునకు వారిలో పలువురు ఓటువేసిరి. సంతకమును, ఓటును పేరుపేరున నమోదై యుండుటచే అచ్చట పరిశీలన సులభమైనది; 2015లో ఆ పక్షము 57 స్థానములనుండి ఎనిమిదికి దిగజారినది. అమెరికాలో అధ్యక్షుడు బైడెన్ 2022లో ప్రకటించిన విద్యాఋణ మాఫీని 2023 జూన్‌లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము కొట్టివైచినది. ఇందు మొదటిది మాట తప్పుట. రెండవది మాట నిలుపుకొన యత్నించి అధికారము చాలక విఫలమగుట. ఈ భేదమును పాటింపని పరిశీలన నిందగా మారును.

పరిమితులు

వాగ్దానమును ఐదేండ్ల గడువులో ఎప్పుడైనను నెరవేర్పవచ్చునని పాలకులందురు. ఆ వాదము భవనములకు, రహదారులకు చెల్లును, చదువునకు చెల్లదు. ఇంజనీరింగు నాలుగేండ్లు, డిగ్రీ మూడేండ్లు. శాసనసభ కాలపరిమితి ముగియులోపలనే విద్యార్థి చదువు ముగిసిపోవును. ఐదవ ఏట విడుదలైన సొమ్ము లెక్కలలో వాగ్దానమును పూర్తిచేయును గాని, సర్టిఫికేట్లు రాక ఉద్యోగము పోగొట్టుకొన్నవానికి అది పూర్తి కాదు. అందుచేత ఈ విషయమున గడువును శాసనసభ ఆయుర్దాయముతో గాక విద్యార్థి చేరిన సంవత్సరముతో లెక్కించుట న్యాయము. ఏ సంవత్సరపు విద్యార్థులకు ఎంత రావలసియుండెనో, వారు కళాశాల విడుచునాటికి ఎంత చేరినదో ఏటేటా ప్రకటించు పట్టిక ఒక్కటి ప్రభుత్వమే వెలువరించినచో, నియోజకవర్గమేదైనను, పాలించు పక్షమేదైనను, విచారణకు అదియే చాలును.